ఇంకా చలే

గుణుపురం పాత స్టేషను దారిలో నా షెడ్డు.
వెనక గోడకి మోకాలెత్తున ఒక నల్ల మచ్చ.
ఎన్నిసార్లు సున్నం కొట్టించినా
నెల తిరక్కుండా పైకి తేలుతుంది.
బళ్లన్నీ అటే వీపు పెట్టి దగ్గుతాయి మరి.

ఆ సోమవారం దగ్గింది సెబతి సిస్టరు ఆల్టో.
పుట్టాసింగి కొండ మీది ఆసుపత్రి నుంచి
ఘాటీ అంతా నల్లగా ఊదుకుంటూ దిగింది.
లీటరుకి పద్దెనిమిది ఇచ్చే బండి
తొమ్మిదికి పడిపోయిందట.
"బరంపురంలో ఇంజెక్టర్లన్నీ మార్చాలన్నారు, దాదా.
పదమూడు వేలు. మార్చీమంటావా?"

జవాబు చెప్పలేదు.
పొగ గొట్టంలో వేలు పెట్టి, తిప్పి, తీశాను.
మసి.
పొడి మసి, కాటుకంత మెత్తన.
జిడ్డు తగిలితే రింగులు పోయాయని ఏడవాలి.
నీలం పొగైతే ఆయిలు తాగుతోందని తిట్టాలి.
ఇది వేరు. తిండెక్కువై
ఊపిరి చాలని నలుపు.

నాది ఒడియా బడి.
అక్షరాలన్నీ తలకి గొడుగు పట్టుకుని నిలబడేవి.
తెలుగు ఇంట్లో మాట్లాడేదే,
చదవడం ఆయిలు డబ్బాల మీద నేర్చుకున్నాను.
రెండిటికన్నా బాగా వచ్చిన రాత ఒకటుంది,
ప్లగ్గు మూతి మీద మంట రాసి పోయేది.

మూడు ప్లగ్గులూ విప్పి గోనెపట్టా మీద పరిచాను.
మూడూ ఒకటే నలుపు.
ఒక్కటే నల్లబడితే దొంగ ఆ గదిలోనే ఉంటాడు.
మూడూ నల్లబడ్డాయంటే
వండేవాడిది కాదు తప్పు,
వడ్డించమని కేకేసేవాడిది.

ఫిల్టరు దులిపితే సగం ఘాటీ రాలింది,
ఎర్రమట్టి, రెండు ఎండు మిడతలు.
కొత్తది వేశాను. నలుపు తగ్గింది,
పోలేదు.
డిప్‌స్టిక్కు ముక్కు దగ్గర పెట్టుకుంటే
ఆయిల్లో పెట్రోలు కంపు.
"ఇంజెక్టర్లే గురూ," అన్నాడు టుకునా.
"నోర్ముయ్యి గుంటడా, మీటరు తే."

ఇంజను ముట్టుకుంటే బొబ్బలెక్కేలా కాగి ఉంది.
దాని పక్కటెముకలో వేలెడంత సెన్సరు,
నీటి వేడి చూసి కబురు చెప్పాల్సింది.
కాగినప్పుడు మూడు వందల ఓములు చూపాలి.
మీటరు మీద రెండు వేల మూడు వందలు.
వైరు కదిపాను, అంతే.
తుడిచాను, అంతే.

"సిస్టర్, మీ బండికి వేసంగి తెలీదు," అన్నాను.
"లోపల నిప్పు కణికలా కాలుతున్నా
పుష్యమాసం తెల్లారుజామనే అంటోంది.
పాపం కంప్యూటరు నమ్మి
ఇంకొంచెం పెట్రోలు, ఇంకొంచెం పెట్రోలు
పోస్తూనే ఉంది."

సిస్టరు నవ్వింది.
ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.
"నా వార్డు నిండా అలాంటోళ్లే దాదా.
నూట నాలుగు జ్వరం.
పళ్లు టకటకలాడుతుంటాయి,
చలి, చలి, ఇంకో గొంగడి కప్పమంటారు.
ఇంటోళ్లు నమ్మి కప్పుతారు.
నేనెళ్లి ఒక్కొక్కటీ లాగేస్తాను.
నన్ను తిడతారు."

నాకేం చెప్పాలో తోచలేదు.
పదో నంబరు స్పానరు కోసం వెతికాను,
అది చేతిలోనే ఉంది.

కొత్త సెన్సరు నాలుగు వందల ఇరవై, ఫిల్టరు నూట తొంభై.
ఆయిలు మార్చి, ప్లగ్గులు గీకి బిగించి,
గొట్టం మాత్రం తుడవలేదు.
"గుడారి దాకా రెండు ట్రిప్పులు తోలండి.
మళ్లీ ప్లగ్గు విప్పినప్పుడు
బిస్కెట్టు రంగుండాలి.
లేకపోతే డబ్బులు వెనక్కి."

బండి వెళ్లింది. గోడ దగ్గర
పొగ చాలాసేపు నిలబడింది.

షెడ్డు మూసేముందు ఎందుకో
ఆ పాత సెన్సరుని వేడి టీ గ్లాసులో ముంచి
మీటరు తగిలించాను.
టీ పొగలు కక్కుతోంది.
రెండు వేల మూడు వందలు.
టుకునా తొంగి చూశాడు.
"ఏటంటోంది గురూ?"
"ఇంకా చలేనట్రా."
వాడు అటూ ఇటూ చూసి
నా తువ్వాలు తీసి గ్లాసుకి చుట్టాడు, వెధవ.